మనోవైద్యుల సభకు నాలుగు అక్షింతలు

మనోవైద్యుల మహాసభల్లోకి కళలు వచ్చాయి. తెచ్చినవారికి మనసారా అభినందనలు. జ్యోతి వెలిగించేటప్పుడు ఒక ప్రార్థన గీతం, రాత్రి విందుకు ముందు ఒక కూచిపూడి అంశం, ఇంతటితో సరిపెట్టుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు పొద్దున్నే ఏడింటికి నృత్య చలన చికిత్స మీద వర్క్‌షాప్ పెడుతున్నారు. మధ్యాహ్నం బంకమట్టితో బొమ్మలు చేసే శిబిరం, పోస్టర్ల హాలు పక్కన రోగులు గీసిన చిత్రాల ప్రదర్శన, పీజీ విద్యార్థులకు షార్ట్ ఫిల్ముల పోటీ, సాయంత్రం డాక్టర్ల కవి సమ్మేళనం. మందుల కంపెనీల స్టాళ్ల మధ్య నుంచి డప్పు మోత వినిపిస్తే కళను ప్రేమించేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. నాకూ లేచొచ్చింది.

అన్నిటికన్నా ముందు మెచ్చుకోవలసింది, వైద్యులు తమ మనసుల్ని కూడా పట్టించుకోవడం మొదలుపెట్టినందుకు. లక్షమంది జనాభాకు ఒక మనోవైద్యుడైనా నిండుగా లేని దేశం మనది. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన సంగతి మనకు ఆ మాత్రం కూడా తెలియదన్నమాట. ఇలాంటి చోట ప్రభుత్వాస్పత్రి ఓపీలో కూర్చుని పొద్దుటి నుంచి ఒకరి తర్వాత ఒకరి దుఃఖం వినే డాక్టరుకు, ఏడాదిలో మూడు రోజులైనా ఎవరో పాడుతుంటే కళ్లు మూసుకుని వినే వీలుండాలి. అది విలాసమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కళను ఎలా ఆదరించాలో కూడా మీకు బాగా తెలుసు. నేను చూసిన ఒక సభలో వీణ విద్వాంసురాలికి కారు పంపారు. సౌండ్ సరిచూసుకోవడానికి హాలు ముందుగానే ఖాళీ చేయించారు. ఆవిడ వాయిస్తున్నంతసేపూ పక్కన ప్లేట్ల చప్పుడు కాకుండా గుమ్మం దగ్గర మనిషిని నిలబెట్టారు. మట్టి శిబిరంలో నేర్పే కళాకారుడు, బాగా వచ్చిందా లేదా అని చూసుకోవద్దు, చేతుల్ని వాటి ఇష్టానికి వదిలేయండి అన్నాడు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చొక్కా చేతులు మడిచి చిన్నపిల్లల్లా కూర్చున్నారు. ఎవరి బొమ్మకూ ఎవరూ మార్కులు వేయలేదు, ఎవరి బొమ్మ చూసీ ఎవరి జబ్బూ చెప్పలేదు. మంచి వెలుతురు, విశాలమైన చోటు, తొందర లేని సమయం, నాణ్యమైన మట్టి, గౌరవంగా పారితోషికం తీసుకుని వచ్చిన అసలైన కళాకారుడు, తప్పొప్పులు ఎంచని తోటివాళ్లు. మనిషి చేతిలోంచి, గొంతులోంచి ఏదైనా పుట్టాలంటే ఏం కావాలో ఒక్కటి కూడా మరవకుండా అన్నీ సమకూర్చారు.

అందుకే, మీకు తెలియక చేయడం లేదని అనుకునే వీలు నాకిక లేకుండా పోయింది.

వార్డులోకి రండి. నేను ఎరిగిన వార్డుల్లో కళ అంటే అందనంత ఎత్తున గోడకు బిగించిన టీవీ. దాని రిమోట్ నర్సుల గదిలో ఉంటుంది. క్యారమ్ బోర్డు ఉంటుంది, స్ట్రైకర్ ఉండదు. రంగు పెన్సిళ్లు వద్దంటారు, మొనలతో పొడుచుకుంటారని. మట్టి వద్దంటారు, గచ్చు పాడవుతుందని. మూడు రోజుల సభలో మీరు గ్రహించినవన్నీ మిగతా మూడు వందల అరవై రెండు రోజుల్లో ఎక్కడికి పోతున్నాయి?

మా చిన్నాన్న పద్యనాటకాల్లో హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. కాటిసీను పద్యం అందుకుంటే ఊరి చివరిదాకా వినిపించేది. ఆయన వార్డులో ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఆ పద్యాలే పాడాడు. మర్నాడు నర్సింగ్ నోట్సులో ఒక వాక్యం కనిపించింది, రాత్రంతా గట్టిగా పాడుతున్నాడు, నిద్రపోలేదు అని. దాని కింద ఇంజెక్షను పేరు, వేసిన టైము. నర్సమ్మను నేను తప్పుపట్టను. అన్ని మంచాలకూ రాత్రి డ్యూటీలో ఆమె ఒక్కతే, మిగతావాళ్లు పడుకోవాలి. కానీ ఆ పాట జబ్బు పాడిస్తున్నదో, ముప్ఫై ఏళ్లు రంగస్థలం మీద నిలబడిన మనిషి పాడుతున్నదో తేల్చి చెప్పగల మనిషి ఆ ఆస్పత్రిలో ఎవరూ లేరు. పగటిపూట ఒక గంట హార్మోనియం పక్కన కూర్చోబెట్టి ఉంటే రాత్రి పాడేవాడు కాదేమో. ఎవరూ అలా ప్రయత్నించి చూడలేదు. మహాసభలో గాయకుడు రాత్రి పదకొండింటిదాకా పాడాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మీ కేస్ షీట్‌ను మెచ్చుకోకపోతే అన్యాయమవుతుంది. జబ్బు రాకముందు ఈ మనిషి ఎలాంటివాడు, తీరిక దొరికితే ఏం చేసేవాడు, దేనిమీద మోజు పడేవాడు అని అడిగి రాసుకోమని మీ పాఠ్యపుస్తకాలే చెబుతాయి. గుండె డాక్టరు అడగడు, ఎముకల డాక్టరు అడగడు. రోగిలో రోగం కన్నా ముందు ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకునే ఈ ప్రశ్న మీ శాస్త్రానికే దక్కిన గౌరవం. పీజీ డాక్టర్లు ఓపిగ్గా రాస్తారు కూడా. మా చిన్నాన్న షీటులో పద్యాలు పాడటం ఇష్టం అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. రాసిన అమ్మాయి శ్రద్ధ గలది. అయితే ఆ జవాబుతో ఆ తర్వాత ఏం చేయాలో రాయడానికి ఆ షీటులో గడి లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలోనో, విశాఖ చినవాల్తేరులోనో ఏ వార్డు కేస్ షీట్లనైనా తిరగేయండి. బతుకమ్మ పాటలు వరసపెట్టి అందుకునే ఆడవాళ్లు, కోలాటం కట్టించినవాళ్లు, భజన బృందంలో తాళం పట్టినవాళ్లు, మగ్గం మీద చేయి తిరిగినవాళ్లు ఆ ఒక్క గడిలోనే దొరుకుతారు. శిక్షణ, నిధులు, సిబ్బంది తర్వాతి సంగతి. ముందు ఆ గడిలో రాసిన మాట మళ్లీ ఒకసారి చదవాలి.

రోగుల కళను ఆదరించడంలో మీ వృత్తికి గొప్ప చరిత్ర ఉంది. 1950లో ప్యారిస్‌లో తొలి ప్రపంచ మనోవైద్య మహాసభ జరిగినప్పుడు, సాంత్ ఆన్ ఆస్పత్రిలో రోగుల చిత్రాలు దాదాపు రెండు వేలు ప్రదర్శించారు. జనం బారులు తీరి చూశారు. రెండో మహాసభ 1957లో జ్యూరిక్‌లో. దానికి బ్రెజిల్ నుంచి ఒక డాక్టరమ్మ బొమ్మలు మోసుకొచ్చింది. ఆవిడ పేరు నీజీ డ సిల్వేరా.

ఆవిడ సభకు ఎలా చేరిందో చెప్పుకోవాలి. కమ్యూనిస్టు పుస్తకాలు దగ్గర పెట్టుకుందని 1936లో జైల్లో వేశారు. 1944 దాకా ప్రభుత్వ ఉద్యోగంలోకి రానివ్వలేదు. తిరిగి వచ్చాక రియో డి జనీరోలోని ఎంజెన్యో ద డెంట్రో ఆస్పత్రిలో షాక్ యంత్రం మీట నొక్కమన్నారు, నొక్కనంది. అలాంటివారిని ఎక్కడికి పంపాలో ఏ ఆస్పత్రి పెద్దలకైనా తెలుసు. ఎవరూ లెక్కచేయని వృత్తి చికిత్స విభాగానికి పంపారు. రోగుల చేత ఊడిపించడం, తుడిపించడం, ఇదే అక్కడి చికిత్స. నీజీ 1946లో అక్కడ చిత్రశాల తెరిచింది. అల్మీర్ మవిన్యే అనే యువ చిత్రకారుడు తోడు వచ్చాడు. కుట్టుపని చేసుకునే తల్లి కొడుకు ఫెర్నాండో దినిజ్, అడెలీనా గోమెస్, ఇంకా ఎందరో మట్టి, రంగులు పట్టుకున్నారు. ఇలా గీయి అని ఎవరూ చెప్పలేదు. గీసింది పారేయలేదు. 1952లో ఆ బొమ్మలతో ఆస్పత్రిలోనే ఒక మ్యూజియం వెలిసింది. జ్యూరిక్‌లో వాటి ప్రదర్శనను ప్రారంభించినవాడు కార్ల్ యూంగ్ అంతటివాడు.

వార్డులో పదకొండేళ్లు రోజూ రంగులు కలిపాక ఒక సభ. నీజీ పాటించిన వరస ఇది. వార్డులో నిండి పొంగినది సభదాకా వచ్చింది. మనం సభ నుంచి మొదలుపెట్టి సభలోనే ముగిస్తున్నాం. ఆఖరి రోజు మట్టి బొమ్మలన్నీ ఫొటోలు తీసి, బల్లలు కడిగి, మిగిలిన మట్టి మూటకట్టి బయట పెట్టిస్తున్నాం.

రోగి బొమ్మను ప్రేమించడంలోనూ మీ వృత్తిని మించినవాళ్లు లేరు. ఇక్కడ నా గొంతు కాస్త బిగుసుకుంటుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ ఆస్పత్రిలో హాన్స్ ప్రింజ్‌హార్న్ అనే వైద్యుడు దాదాపు 450 మంది రోగులు చేసిన అయిదు వేల కృతులు పోగుచేశాడు. 1922లో వాటి మీద గొప్ప పుస్తకం రాశాడు. ఐరోపా చిత్రకారులు దాన్ని కళ్లకద్దుకున్నారు. అందులో ఫ్రాంజ్ పోల్ అని మారుపేరు పెట్టిన మహా చిత్రకారుడి అసలు పేరు ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్. ఇనుముతో అలంకార శిల్పాలు చేసే పనివాడు, 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి పొందినవాడు. 1940లో నాజీలు అతణ్ని గ్రాఫెనెక్‌కు తీసుకుపోయి గ్యాసుతో చంపారు. రోగుల్ని చంపే ఆ పథకంలో సంతకాలు పెట్టింది మనోవైద్యులు. హైడెల్‌బర్గ్ ఆస్పత్రికే 1933 నుంచి అధిపతిగా ఉన్న కార్ల్ ష్నైడర్ వాళ్లలో ఒకడు. బొమ్మలు భద్రంగా ఉన్నాయి. ఈనాటికీ అదే ఊళ్లో మ్యూజియంలో చూడవచ్చు.

మన సభలకూ దానికీ పోలిక కట్టడం నా ఉద్దేశం కాదు, అంత మాట అనను. బొమ్మను ప్రేమించినంత మాత్రాన గీసినవాణ్ని ప్రేమించినట్టు కాదని ఆ ఊరు చూపించింది. నా బాధ అంతవరకే. నేను చూసిన సభలో చిత్రాల కింద చీటీలున్నాయి. వాటి మీద జబ్బు పేరు, ఆడా మగా, వయసు. మనిషి పేరు లేదు. గోప్యత అన్నారు. ఆ నియమాన్ని నేను నిండుగా గౌరవిస్తాను. ఎర్రగడ్డ అన్న ఊరిపేరునే తిట్టుగా వాడే సమాజంలో, రోగి పేరు బయటికి పొక్కకుండా కాపాడటం చిన్న పని కాదు. అయితే పేరు వేయమంటావా వద్దంటావా అని గీసినాయన్ని అడిగారా? అడిగితే వద్దనేవాళ్లు కొందరు, వేయమని పట్టుబట్టేవాళ్లు కొందరు ఉంటారు. వీణ వాయించినావిడ పేరు బ్యానర్ మీద ఉంది. బొమ్మ వేసినాయన జబ్బు పేరు చీటీ మీద ఉంది.

ముఖ్య అతిథులకు ఇత్తడి బొమ్మలు మాని, పునరావాస కేంద్రంలో రోగులు చేసిన చిత్రాలను జ్ఞాపికలుగా ఇవ్వడం ఎంతో మంచి ఆలోచన. చేసినవాళ్లకు ఎంత ఇచ్చారని అడిగితే కేంద్రానికి విరాళం ఇచ్చామన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ చదవండి. రోగి చేత బలవంతంగా పని చేయించకూడదని, చేసిన పనికి తగిన ప్రతిఫలం అతనికే దక్కాలని అందులో ఉంది. తీరికకు, వినోదానికి, చదువుకు తగిన సదుపాయాలు ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. గోడకెక్కిన టీవీతో ఆ సెక్షన్ తీరిపోతుందని ఎవరు నమ్ముతారు?

రుజువు ఏదని అడిగే మీ అలవాటు నాకు ఇష్టం. మంత్రగాళ్ల దగ్గరికీ, దర్గాలకూ, గొలుసులకూ అలవాటుపడిన సమాజంలో ఆ ప్రశ్న వేయడమే ఒక సేవ. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. రుజువు అడగని నమ్మకం ఎక్కడిదాకా పోతుందో ఆ రోజు దేశమంతా చూసింది. కాబట్టి కళలకూ రుజువు అడగండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం మూడు వేలకు పైగా అధ్యయనాలను కూర్చి, ఆరోగ్యానికి కళలు చేసే మేలు మీద నివేదిక ఇచ్చింది. అందుకు ఎదురుగా 2012లో బ్రిటన్‌లో 417 మంది స్కిజోఫ్రెనియా రోగుల మీద జరిగిన పరీక్ష ఉంది. ఏడాదిపాటు వారానికోసారి చిత్రకళా చికిత్స పెడితే చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదని అది తేల్చింది. చికిత్సకు చేర్చుకున్నవాళ్లలో చాలామంది తరగతులకు సరిగా రానే లేదు. ఈ ఫలితాన్ని దాచి కళల తరఫున వాదించను. మందు మాని బొమ్మలు గీయమని ఏ రోగికీ చెప్పను. మా చిన్నాన్నను నిలబెట్టింది మందులే.

కానీ ఈ కొలత అందరికీ ఒకటే కావాలి. విందు రాత్రి సినిమా గాయకుణ్ని పిలిచినప్పుడు కమిటీలో రుజువు ఏదని ఎవరూ అడగరు. పాట మనిషికి మేలు చేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి అడగరు. అది సబబే. వార్డుకు ఒక హార్మోనియం అడిగితే మాత్రం ఎవిడెన్స్ బలహీనంగా ఉందంటారు. డాక్టరుకు పాట పాటే, రోగికి మాత్రం పాట చికిత్స అయి తీరాలి, లేకపోతే దక్కదు. బ్రిటన్ పరీక్షలో చిత్రకళ లక్షణాల్ని తగ్గించలేదు, నిజమే. వీణ విన్న తర్వాత మీ లక్షణాలు ఎంత తగ్గాయో ఎవరైనా కొలిచారా? కొలవనక్కర్లేదు. మనుషులు కాబట్టి విన్నారు.

ఇంత నిష్ఠూరంగా మెచ్చుకుంటున్నానని ఎవరికైనా అనిపిస్తే, గోల్కొండ చెరలో కూర్చుని సీతమ్మకూ రాముడికీ చేయించిన నగలన్నీ పేరుపేరునా ఏకరువు పెట్టి నిలదీసిన రామదాసు, ఆ రాముణ్ని వదిలి ఇంకో దేవుడి దగ్గరికి పోలేదని గుర్తుచేస్తాను. నాకూ మీరు తప్ప దిక్కు లేదు. మా ఇంట్లో మనిషిని మనిషిగా తిరిగి ఇచ్చింది మీ వృత్తే. అందుకే లెక్క అడిగే చనువు తీసుకుంటున్నాను.

చేయవలసింది కొండలు పిండి చేసే పని కాదు. 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం తన పట్టికలో చిత్రకళా చికిత్సకులను, నృత్య చికిత్సకులను చేర్చింది. ఆ కొలువులు మన జిల్లా ఆస్పత్రుల్లో ఎన్ని తెరవాలో ప్రభుత్వాన్ని అడగవలసిన గొంతు మీది. ఏటా ఇన్ని తీర్మానాలు చేస్తారు కదా, అందులో ఇదీ ఒకటి చేయండి. చికిత్సకులు దొరికేదాకా ఊళ్లో కళాకారులున్నారు. ఒగ్గుకథకులు, బుర్రకథ దళాలు, నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబాలు, హార్మోనియం మేష్టర్లు. వాళ్లలో చాలామందికి చేతినిండా పని లేదు. వారానికి రెండు పూటలు వార్డుకు రమ్మని, వచ్చినందుకు డబ్బిచ్చి, వాళ్లకు మీరు కాస్త తర్ఫీదు ఇవ్వండి. వాళ్లు రోగులకు నేర్పేలోగా రోగులే వాళ్లకు ఏదో ఒకటి నేర్పుతారు.

వచ్చే మహాసభలో విందు రాత్రి సినిమా గాయకుడికి ఇచ్చే మొత్తాన్ని, సభ జరుగుతున్న ఊళ్లోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి వార్డులో ఏడాదిపాటు కళాకారులకు ఇవ్వండి. ఆ పై ఏడు ఆ వార్డు నుంచి ఎవరైనా వేదిక ఎక్కడానికి ఇష్టపడితే, వాళ్లకూ డెలిగేట్ బ్యాడ్జీ ఇవ్వండి, దారి ఖర్చులివ్వండి, మీరు భోంచేసే హాల్లోనే పక్కన కుర్చీ వేయండి. పేరు వేయమంటే కార్యక్రమ పత్రంలో ఇంటిపేరుతో సహా వేయండి. జబ్బు పేరు వద్దు.